రత్న కోసం గుమ్మఘట్ట దాకా

ఉరవకొండ నుంచి గుమ్మఘట్టకు పోవాలంటే రాయదుర్గం మీదుగా ఒక పూట ప్రయాణం. పొద్దున సద్ది తిని బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి అక్కడుండొచ్చు. నేనూ నా భార్య లక్ష్మీదేవీ మాత్రం ధర్మవరం పోయి, కంబదూరు పోయి, జిల్లా అంతా చుట్టి అక్కడికి చేరినాం. చుట్టాలను చూడను పోలేదు, మొక్కు తీర్చుకోనూ పోలేదు. బస్సులో ఎవరైనా "ఎందాకప్పా?" అంటే ఊరి పేరు చెప్పగలిగినాం గానీ, ఎందుకో చెప్పడం చేతకాలేదు. తిరిగొచ్చినాక బడిలో తోటి అయ్యవార్లు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

ముందు కొంత చెప్పాలి. మా ఒక్కగానొక్క కొడుకు సీనాకు రక్తంలో క్యాన్సర్ వచ్చింది. బెంగుళూరు పెద్దాస్పత్రిలో ఏడాది పైగా చూపించినాం. పోయిన వేసవిలో వాడు చనిపోయినాడు.

ఆ ఆస్పత్రి పక్కన ఒక ధర్మసత్రం ఉంది. పిల్లలకు మందులు పడుతున్నన్నాళ్ళూ అమ్మానాన్నలు అక్కడే వండుకొని తినాలి. అనంతపురం జిల్లా వాళ్ళం కొందరం ఒకే వరండాలో సర్దుకున్నాం. ధర్మవరం మగ్గం నేసే నారాయణప్ప, ఆయన భార్య సుబ్బమ్మ. కంబదూరు నుంచి కూలికిపోయే మార్తమ్మ. గుమ్మఘట్ట దగ్గర గొర్రెలు మేపే బసప్ప, హొన్నూరమ్మ. ఊళ్ళో అయితే ఎవరి గడప ఎవరు తొక్కొచ్చో చూసుకుంటాం. సత్రంలో ఆ లెక్కలు కిరసనాయిలు స్టవ్వు కాడనే పోయినాయి. కొత్తగా వచ్చినవాళ్ళను ఏ ఊరు, ఎవరివాళ్ళు అని అడిగేవాళ్ళం కాదు. "మీ బిడ్డకు యాడ?" అని అడిగేవాళ్ళం. రక్తమా, కన్నా, ఎముకనా అని.

సీనా పోయిన మర్నాడే బసప్ప తన కూతురు రత్నను చంకనెత్తుకొని ఊరికి వెళ్ళిపోయినాడు. అప్పుడు ఆ సంగతి మా తలకెక్కలేదు. దసరా సెలవుల్లో నేను సీనాకు కొన్న మందులు మిగిలి ఉంటే, ఇంకో బిడ్డకు పనికొస్తాయని ఆస్పత్రిలో ఇవ్వను పోయినాను. డాక్టరమ్మ తీసుకొని అడిగింది. "మీ వైపు ఆ గొర్రెలాయన మళ్ళీ రాలేదు. ఆ పాప రక్తం జబ్బు మందుకు బాగా లొంగింది. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. మీకేమైనా తెలుసా?"

ఇంటికొచ్చి లక్ష్మీదేవికి చెప్పినాను. సీనా పోయినప్పటి నుంచి ఆమె ఇంటి గడప దాటింది లేదు. నేను కర్మ అయిపోయిన మర్నాడే బడికి పోయి పాఠం చెప్పినవాణ్ణి. అదనపు క్లాసులు కూడా అడిగి తీసుకున్నాను. ఆమె తలుపేసుకొని, నేను తలుపు తీసుకొని, ఇద్దరం ఒకరికొకరు అడ్డం రాకుండా బతుకుతున్నాం. ఆ మాట విన్న మర్నాడు పొద్దున చూస్తే ఆమె సంచి సర్ది పెట్టి ఉంది.

"మన సీనాను చూసి బెదురుకొని పోయినారు. మనమే పోయి చెప్పాల" అన్నది.

"మన మాట ఎందుకు వింటారు? మనకు దక్కలేదు కదా" అన్నాను.

ఆమె సంచి చేతికి తీసుకొని, "దక్కినోళ్ళను పిలుచుకొని పోదాం" అన్నది. అందుకే ధర్మవరం.

ధర్మవరం

మా ఉరవకొండ వైపు పొద్దున్నే వినబడేది చెనక్కాయ మిల్లు చప్పుడు. ధర్మవరంలో మగ్గాలు. ఒక సందులో దూరితే రెండు వైపులా ఇళ్ళలోంచి అదే చప్పుడు, ఒకదానితో ఒకటి కలవకుండా వస్తుంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న మనిషి లేవకుండానే "ఎవరింటికి?" అని అడుగుతాడు. చేతులు ఆగవు.

నారాయణప్ప మమ్మల్ని చూసి మగ్గం ఆపినాడు. సుబ్బమ్మ లోపల్నుంచి వచ్చి, మా ముఖాలు గుర్తుపట్టి, ముందు చేసిన పని వీధి తలుపు మూయడం. ఆ తర్వాతే నీళ్ళిచ్చింది.

వాళ్ళ కొడుకు నాగరాజు పక్కన కూర్చొని కండెలకు దారం చుడుతున్నాడు. సత్రంలో గుండు నెత్తితో, పుల్లలాంటి కాళ్ళతో ఉండినవాడు. ఇప్పుడు దువ్వెన దిగనంత జుట్టు, మూతి మీద నూగు. వాడికీ సీనాకూ వచ్చింది ఒకటే జబ్బు పేరు. లక్ష్మీదేవి వాణ్ణి చూస్తూ ఉండిపోయింది. సుబ్బమ్మ అది గమనించి, "పో నాయనా, పెద్దమ్మోళ్ళింట్లో చల్ల అడిగి తీస్కరా" అని పంపేసింది. ఇంట్లో చల్ల కుండ నిండా ఉండటం మేం చూసినాం. నాకు కోపం రాలేదు. సీనా బతికున్నప్పుడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి వార్డులోకొస్తే లక్ష్మీదేవి కూడా వాడి ముఖాన దుప్పటి కప్పేది.

భోజనం మాత్రం తక్కువ చేయలేదు. అలసందల పులుసు, పుంటికూర పప్పు, వరన్నం. కరువు ఏడాదిలో వరన్నం పెట్టడమంటే మర్యాదే. తిన్నాక లక్ష్మీదేవి సంగతి చెప్పింది. నాగరాజును తీసుకొని మాతో ఒక్కసారి గుమ్మఘట్టకు రమ్మని అడిగింది.

సుబ్బమ్మ గొంతు తగ్గించి, "అక్కా, మా వీధిలో ఎవరికీ తెల్దు. కామెర్లని చెప్పినాము" అన్నది. "క్యాన్సర్ అంటే మా నీళ్ళు కూడా ముట్టరు. అది ఒక్కటే కాదులే. ఆ పేరు ఎత్తితేనే నాకు ఒళ్ళు వణుకుతాది. వాడు ఒక్క తుమ్ము తుమ్మితే నేను దేవుని పటం కాడికి పరిగెత్తుతా. మళ్ళీ ఆ మాటలు, ఆ సూదులు... నా వల్ల కాదు. నన్ను తిట్టుకో, ఏమన్నా అనుకో."

"తిట్టుకోనులే" అన్నది లక్ష్మీదేవి.

నారాయణప్ప మమ్మల్ని బస్టాండు దాకా సాగనంపినాడు. దారిలో, "బయటికి నేను బాగుండినట్లే కనపడతా సార్. పిల్లోడు దగ్గితే మగ్గం ఆపేస్తా. మళ్ళా దగ్గుతాడా అని చూస్తా. అంచు తప్పు పడతాది, విప్పి మళ్ళా నేస్తా. బిడ్డ బతికినా ఇట్లనే ఉండాది" అన్నాడు. బస్సు కదిలేముందు ఇంకో మాట చెప్పినాడు. "బసప్ప వెళ్ళిపోయిన పొద్దు గేటు కాడ నేనుండినా. ఇంక సూది వేయించనని బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి మాటిచ్చినాడు. మీరు ఆ మాటను దాటించాల, అంతే."

కళ్యాణదుర్గం దారి

అనంతపురం బస్టాండులో ఉగ్గాని తిన్నాం. రూపాయికి ప్లేటు, పైన రెండు మిరపకాయ బజ్జీలు. బొరుగులతో చేసిన ఈ ఉగ్గాని కోస్తా వాళ్ళకు పెడితే ఇదేం టిఫిను అంటారు. మాకు ఇది లేకుండా ప్రయాణం మొదలైనట్టుండదు. లక్ష్మీదేవి ప్లేటు ఖాళీ చేసి ఇంకో బజ్జీ అడిగి తీసుకుంది. సీనా పోయినాక ఇన్ని నెలల్లో ఆమె మళ్ళీ అడిగి తినడం అదే మొదలు.

బస్సులో ఆమె పక్కన ఒక పెద్దామె కూర్చుంది. చేతిలో కోడి, కాళ్ళు కట్టేసి ఉంది. టికెట్టు తీసుకోగానే పలకరించింది. "పిల్లలెంతమందమ్మా?"

నేను ముందు సీటులో ఉన్నాను. వెనక్కి తిరగలేదు.

"ఒకడు" అన్నది లక్ష్మీదేవి.

"ఏం చదువుతాండాడు?"

"మూడు."

"చల్లగుండనీలే" అని ఆమె కోడిని సర్దుకుంది.

కళ్యాణదుర్గంలో దిగినాక లక్ష్మీదేవి, "లేడని చెప్తే ఆ ముసలామె దారంతా ఏడుస్తాది. ఆమెను ఎవరు ఊరుకోబెట్టాల?" అన్నది. నేను కూడా బడిలో కొత్త ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు అట్లనే చెప్పినాను. ఆ సంగతి ఆమెకు చెప్పినాను. ఆమె చెప్పు వారు అక్కడే తెగింది. కుట్టేవాడు దొరికేదాకా ఒంటి చెప్పుతో నడిచి, చివరికి రెండోది కూడా విడిచి చేత్తో పట్టుకుంది.

కంబదూరు

దారి పొడవునా చేలు ఎర్రగా ఎండి ఉన్నాయి. చెనక్కాయ చెట్టు ఊడలు దిగేవేళకు వాన మొహం చాటేసింది. పీకినవాళ్ళకు కాయలు లేవు, పశువుల మేతకు ఎండిన చెనక్కాయ కట్టె మాత్రం మిగిలింది. ఊరి బయట రోడ్డు పక్కన కరువు పని నడుస్తోంది. ఆడవాళ్ళు వరసగా కూర్చొని కంకర కొడుతున్నారు. నెత్తికి తువ్వాలు చుట్టుకున్న ఒకామె సుత్తి పక్కనేసి లేచి నిలబడింది. మార్తమ్మ.

"ఓయమ్మా, లక్ష్మీదేవక్కా!" అని అరిచి, దుమ్ము చేతులతోనే వాటేసుకుంది. మా ఊళ్ళో చావు ఇంటివాళ్ళను పలకరించేటప్పుడు గొంతు తగ్గిస్తారు. మార్తమ్మకు ఆ అలవాటు లేదు. "సీనాగాడు నాకు ఒగటే గుర్తొస్తాడక్కా. నా కూతురి గాజుకన్ను తీసి గోలీకాయలతో కలిపి ఆడినాడు చూడు, ఆ పొద్దు నేను వాన్ని తన్నినా" అని నవ్వింది. లక్ష్మీదేవి కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. మార్తమ్మ ఏడవనిచ్చింది, ఊరుకో అనలేదు. మేస్త్రీ అరిచేదాకా ఇద్దరూ రోడ్డు మీదే ఉన్నారు.

మార్తమ్మ కూతురు రూతుకు కంట్లో క్యాన్సర్. చిన్నతనంలోనే కన్ను తీసేసినారు. మొగుడు అప్పుడే వదిలేసి పోయినాడు. ఆ తర్వాత రెండో కంటికి పాకకుండా మందులు వేయిస్తూ సత్రంలో ఉండినారు. ఇప్పుడు ఆ పిల్ల మూడో తరగతి. గాజుకన్ను తీసి కడుక్కొని మళ్ళీ పెట్టుకోవడం చూడను కాలనీ పిల్లలంతా గుంపు కడతారు. రూతు వాళ్ళను వరసలో నిలబెడుతుంది.

ఆ పూట మార్తమ్మ ఇంట్లోనే తిన్నాం. తినేముందు కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తారు. మేమూ చేతులు కట్టుకొని కూర్చున్నాం. రాగిముద్ద, ఎండుమిరప కారం, ఉల్లిగడ్డ. మా వైపు జొన్నరొట్టె తినేవాళ్ళకు ముద్ద మింగడం రాదు. నేను నమిలితే రూతు, "సార్, ముద్దను నమలకూడదు, మింగల్ల" అని పాఠం చెప్పింది.

లక్ష్మీదేవి సంగతి చెప్పడం మొదలుపెట్టగానే మార్తమ్మ అర్థం చేసుకుంది. "నేనొస్తా. రూతునూ పిలుచుకొస్తా. మిమ్మల్ని చూస్తే బసప్పకు చావు గుర్తొస్తాది, నన్ను చూస్తే బతికిన పిల్ల గుర్తొస్తాది" అన్నది. పని పోతుందేమో అన్నాను. "కంకర యాడికి పోతాది సార్? కరువు యాడికి పోతాది?" అన్నది.

సత్రంలో ఈమె రాత్రి పూట పాటలు పాడేది. కొందరు ఆడవాళ్ళకు అది నచ్చేది కాదు, బిడ్డ అట్లుంటే పాటలేమిటని. ఇప్పుడు అడిగినాను. "అప్పుడు అంత గుండె ఎట్ల వచ్చింది మార్తమ్మా?"

"గుండె లేదు ఏం లేదు సార్. పాడకపోతే నా పళ్ళు కొట్టుకొనే చప్పుడు నాకే వినబడేది."

ఇద్దరు బసప్పలు

రాయదుర్గం దాటితే భాష సగం మారిపోతుంది. దుకాణం ముందర తెలుగులో బేరం మొదలై కన్నడంలో తెగుతుంది. "ఊట ఆయ్తా?" అని, అన్నం తిన్నారా అని అడిగినవాళ్ళకు తెలుగులో బదులిస్తే తెలుగులోనే ఇంకా నాలుగు మాటలు మాట్లాడతారు. గుమ్మఘట్ట మండలం అని కొత్తగా బోర్డు పెట్టినారు. మండలాలు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. కానీ బస్సు కండక్టరుకు ఇంకా తాలూకా మాటే నోటికొస్తోంది.

బస్సు దిగి, గొర్రెల బసప్ప ఇల్లెక్కడ అని అడిగినాం. ఒకాయన వేలెత్తి దూరంగా ఒక ఊరు చూపించినాడు. ఎండలో పొలాల గట్ల మీద చాలా దూరం నడిచి ఆ ఊరు చేరినాం. అరుగు మీద ఒక నిండు మీసాల మనిషి లేచి, కాళ్ళకు నీళ్ళిచ్చి, మజ్జిగ ఇచ్చి, తినండి తినండి అని పళ్ళేలు వేయించినాడు. బసప్ప అన్నగారేమో అనుకున్నాం. తిని చేతులు కడుక్కున్నాక, "బసప్ప యాడికి పోయినాడు?" అని మార్తమ్మ అడిగింది.

"నేనే కదా బసప్ప" అన్నాడు ఆయన.

ఆయనకూ గొర్రెలున్నాయి. మాకు కావలసిన బసప్పది ఇంకో ఊరు, వెనక్కి పోవాలి. తెలియనివాళ్ళకు అన్నం పెట్టేముందు ఎవరని ఎందుకు అడగలేదంటే, "ఎండన పడి వచ్చినోళ్ళను ముందు పేరడిగేది ఏం పద్ధతప్పా?" అన్నాడు. రూతును చూసి కన్నేమైందని అడిగినాడు. మార్తమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఎద్దులబండి కట్టించి మమ్మల్ని పంపినాడు. హగరి ఏరు ఇసుకలో చక్రాలు దిగబడితే అందరం దిగి తోసినాం. ఏట్లో నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో బండి తోలే మనిషికి గుర్తు లేదు.

బసప్ప ఇంట్లో

మట్టి మిద్దె, ముందు ముళ్ళకంప దొడ్డి. రత్న దొడ్డిలో గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. తలనిండా జుట్టు వచ్చింది. రూతును చూడగానే పిల్లను వదిలేసి పరిగెత్తుకొచ్చి, మా వెనక ఎవరున్నారా అని చూసి ఆగిపోయింది. తెల్లకోటు వాళ్ళెవరూ లేరని తెలిశాక రూతు చెయ్యి పట్టుకుంది.

హొన్నూరమ్మ మమ్మల్ని చూసి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. బసప్ప పొద్దుగూకే వేళకు మంద తోలుకొచ్చినాడు. పలకరించినాడు, గొంగడి పరిచినాడు. కానీ కూర్చోలేదు. మేం ఎందుకొచ్చినామో ఆయనకు అప్పుడే తెలిసిపోయింది.

డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పినాను. బడిలో పాఠం చెప్పినట్టే చెప్పినాను, జబ్బు బయటికి కనపడకున్నా లోపల దాక్కొని ఉంటుందని. ఆయన చివరిదాకా విన్నాడు.

"అయ్యోరా, మీ పిల్లోనికి నాయంగా అన్ని సూదులూ ఏయించినారు. నేను చూసినా. వెన్నులో గుచ్చేటప్పుడు వాడు అరిచింది ఇంకా నా చెవుల్లో ఉండాది. ఏమాయప్పా? పోయినాడు కదా. నా బిడ్డ ఈడ గొర్రెపిల్లతో ఆడుకుంటాండాది, తింటాండాది, నిద్రపోతాండాది. మళ్ళా ఆడికి పిలుచుకరమ్మని అడగను మీకు నోరెట్ల వచ్చింది?"

మార్తమ్మ ఏదో అనబోతే లక్ష్మీదేవి చేత్తో ఆపింది.

"నోరు రాలేదు బసప్పా. అందుకే జిల్లా అంతా తిరిగి వచ్చినా" అన్నది. "మావాడు మందు వల్ల పోలేదు. వాని జబ్బు వేరే రకం, మందుకు లొంగదని డాక్టరమ్మ నాకు మొదట్లోనే చెప్పింది. కష్టం తల్లీ అని చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు. ఈయనకు కూడా చెప్పలేదు. చెప్తే ఈయన కూలిపోతాడని."

నేను ఆమె వైపు చూసినాను.

"నాకూ చెప్పింది" అన్నాను.

"ఎప్పుడు?"

"అప్పుడే. మొదట్లోనే. నువ్వు తట్టుకోలేవని నేను చెప్పలేదు."

ఏడాది పైగా ఒకే చాప మీద పక్కపక్కన పడుకున్నాం. ఆమె నాకు ధైర్యం చెబుతూ వచ్చింది, నేను ఆమెకు. ఇద్దరికీ తెలుసు. బసప్ప ఇంట్లో, గొంగడి మీద, పరాయివాళ్ళ ముందు ఆ మాట బయటపడింది. లక్ష్మీదేవి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆమె పక్కకు జరిగి కూర్చున్నాను. అంతకంటే చేయను ఏమీ తోచలేదు.

అప్పుడు పొయ్యి దగ్గర్నుంచి హొన్నూరమ్మ లేచి వచ్చింది.

"నేనూ దాస్తాండా" అన్నది మొగుడితో. "పాపకు కాళ్ళు నొస్తాండాయి. పోయిన అమాస నుంచి. పిక్కల మీద నీలి మచ్చలు లేచినాయి. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకునింది. పసుపు రాస్తాండా. నువ్వు బిడ్డ బాగుండాదని ఊరంతా చెప్పుకుంటాంటే నాకు నోరు రాలేదు."

బసప్ప దొడ్డిలోకి పోయి రత్న పావడా మోకాలి దాకా ఎత్తి చూసినాడు. తిరిగి లోపలికి రాలేదు. దొడ్డి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. చాలాసేపటికి మార్తమ్మ పోయి ఆయన ముందర కూర్చుంది. వాళ్ళ మాటలు మాకు వినబడుతూనే ఉన్నాయి.

"మాటిచ్చినా మార్తమ్మా. నెత్తిన చెయ్యి పెట్టి మాటిచ్చినా. ఇప్పుడు ఏ మొగం పెట్టుకొని చెప్పేది?"

"మాట తప్పు. తిట్టించుకో. కన్ను తీయించినానని నా బిడ్డ రెండేండ్లు నాతో సరిగ్గా మాట్లాడలే. బిడ్డ బతికి తిడతాంటే అంతకన్నా ఏం కావాలప్పా నీకు?"

తెల్లారినాక బసప్ప తానే చెప్పినాడు. ఇంకెవరినీ చెప్పనీయలేదు. రత్నను ఎదురుగా నిలబెట్టుకొని, "నేను మాట తప్పుతాండా పాపా. పోవల్ల మళ్ళా" అన్నాడు. ఆ పిల్ల మొదట నమ్మలేదు. నమ్మినాక దోసిళ్ళతో మట్టి తీసి ఆయన ముఖాన కొట్టింది. "నువ్వు అబద్ధాలోడివి నాయనా" అని గుండెలవిసేలా ఏడ్చింది. ఆయన ముఖం తుడుచుకోకుండా నిలబడినాడు.

బెంగుళూరు

మంద ఎవరు చూడాలన్న చిక్కు వచ్చింది. సంగతి ఎట్లా తెలిసిందో, ఆ మీసాల బసప్ప మనిషిని పంపినాడు, తన మందతో కలిపి మేపుతానని. మేమందరం రాయదుర్గంలో బెంగుళూరు బస్సెక్కినాం. రత్న రూతు ఒళ్ళో తల పెట్టుకొని పడుకుంది. దారి పొడవునా తండ్రి వైపు చూడలేదు. పావగడలో ఆయన చెనక్కాయలు కొనిస్తే తీసుకొని కిటికీలోంచి పారేసింది.

లక్ష్మీదేవి ఆస్పత్రి గేటు దాకానే వస్తానని ముందే చెప్పింది. గేటు దగ్గర ఆగిపోయింది కూడా. చింతపండు పులుసు వాసన, మందుల వాసన కలిసి వచ్చే ఆ గాలికి నేనే తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. హొన్నూరమ్మ వెనక్కి తిరిగి, "అక్కా, డాక్టరమ్మ మాటలు నాకు అర్థం కావు" అన్నది. లక్ష్మీదేవి కొంగు నడుముకు చుట్టుకొని లోపలికి నడిచింది. సీనా పడుకున్న మంచం మీద ఇప్పుడు ఎవరో తమిళ పిల్లవాడు ఉన్నాడు. ఆమె ఆగి వాడి దుప్పటి సర్ది ముందుకు పోయింది.

ఎముకలోని మూలుగ తీసి పరీక్ష చేసి డాక్టరమ్మ చెప్పింది. జబ్బు తిరగబెట్టింది. కానీ మళ్ళీ మొదలుపెట్టే వీలుంది. మొదటిసారి కంటే కష్టం, ఎక్కువ కాలం. నయమవుతుందని మాట ఇవ్వలేనన్నది. ఈసారి అందరినీ ఒకే చోట కూర్చోబెట్టి చెప్పమని లక్ష్మీదేవి అడిగింది. బసప్ప, హొన్నూరమ్మ పక్కపక్కన కూర్చొని విన్నారు.

మార్తమ్మ, రూతు మర్నాడు కంబదూరు వెళ్ళిపోయినారు. నాకు సెలవు అయిపోయింది. లక్ష్మీదేవి రానన్నది. సత్రంలో హొన్నూరమ్మతో ఉంటానన్నది. కొత్తగా వచ్చిన తల్లులకు తెలుగులోనో సగం కన్నడంలోనో ఏ గదికి పోవాలో చెప్పేవాళ్ళు లేరు, నేను చెప్తానన్నది. ఎన్నాళ్ళని అడిగినాను. తెలియదన్నది. ఇది రాస్తున్న ఈ వారానికి కూడా ఆమె అక్కడే ఉంది. రత్నకు మందులు పడుతున్నాయి. జుట్టు మళ్ళీ ఊడుతోందట. రక్తం కొంచెం మెరుగని కబురొచ్చింది. ఏమవుతుందో ఎవరూ చెప్పడం లేదు.

నేను బయలుదేరిన పొద్దున రత్నకు ఈ విడతలో మొదటి వెన్నుసూది. బసప్ప ఎప్పుడూ ఆ గదిలోకి పోయినవాడు కాదు. పోయినసారి అరుపులు వినబడకుండా రోడ్డు మీదికి వెళ్ళిపోయేవాడు. ఆ పూట నర్సు వచ్చి, "పాప వాళ్ళ నాన్న కావాలంటోంది" అన్నది. ఆయన నా వైపు చూసినాడు. చెప్పులు విడిచి, గుడిలోకి పోయినట్టు పోయినాడు.

తలుపు మూసినారు. లోపల రత్న అరిచింది. లక్ష్మీదేవి నా చెయ్యి పట్టుకుంది. నేను గట్టిగా పట్టుకున్నాను. అరుపు ఆగింది.

బసప్ప బయటికొచ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కుడి మణికట్టు మీద చిన్న చిన్న పళ్ళ గుర్తులు, ఒకచోట రక్తం కారింది. అది మా ఇద్దరి ముందర పెట్టి చూపించినాడు.

"కరిచిందప్పా అయ్యోరా" అన్నాడు. "చూడు, ఎట్ల కరిచిందో. బాగా బలముండాది పిల్లకు."